పావు తక్కువ రెండు

సుగుణ బడి సంచీ అటకెక్కింది. ఎక్కించింది నాయనమ్మ నర్సింహమ్మ. ఎక్కించాక చేతులు దులుపుకొని, గడప మీద కాళ్లు చాపుకొని కూర్చుని, తీరిగ్గా తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. యుద్ధం గెలిచిన రాజుకైనా అంత నిమ్మళం ఉండదు.

"మాపటాలకు పిల్లను తీస్కొని కర్దనూర్ పోత," అంది కొడుకూ కోడలూ వినేలా ఆకు మడుస్తూ. "ఆడ మీ చిన్నాయిన ఇంట్ల ఉంటది. పాలు పిండుడు నేర్చుకుంటది, కలుపు తీసుడు నేర్చుకుంటది. ఇంగ్లీషుల లెక్కలు చేసి ఎవల్ని ఉద్ధరిస్తదట?"

"జెర ఊకో అత్తా," అంది మాణెమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "ఏందో చిన్న ముచ్చటకు బడి బందు చేస్తరా?"

"చిన్న ముచ్చటనా? సోమవారం ఏడ్సుకుంట వచ్చింది. మల్ల బడి దిక్కు పోయిందా? ఎందుకే అంటే నోరిప్పదు. నువ్వు అడిగినవ్, నేను అడిగిన. ఆఖరికి అన్నం బంజేసింది. ఇంక దానికి సదువేంది?"

ఆ మాటలన్నీ మంచం మీద కూర్చున్న మొగులయ్య చెవిన పడుతూనే ఉన్నాయి. సెకండ్ షిఫ్టు కాబట్టి పొద్దున పూట ఇంట్లోనే ఉన్నాడు. ఎడమ కాలి బూటుకు పాలిష్ పెడుతున్నాడు. చాలాసేపట్నుంచి అదే బూటుకు పెడుతున్నాడు. కుడి కాలి బూటు దుమ్ము కొట్టుకుని పక్కనే పడి ఉంది.

"ఏమన్న అనవేందిరా?" అని కొడుకును నిలదీసింది నర్సింహమ్మ. "రోజు పొద్దుగూకంగ అరుగు మీద కూసోబెట్టుకొని ఎంత చెప్పినవ్! నిన్ను చూస్తే నాకు కండ్ల నిండుగ ఉండె. అంత చెప్పినా దానికి ఎక్కలేదు. ఆయితారంనాడు అందరి ముంగట తప్పు చెప్పి దెబ్బ తిన్నది. తలకాయల లేంది ఏడికెంచి వస్తది? పిల్ల మంచిదే, సదువే రాదు. ఒప్పుకో."

మొగులయ్య బూటు రుద్దుతున్న గుడ్డను తిరగేసి మడిచాడు. ఒప్పుకోవలసింది ఉంది. తల్లి ఒప్పుకొమ్మన్నది మాత్రం కాదు.

ఊరంతా ఒకలా అనుకుంటే, ఆ అరుగు మీద జరిగింది ఇంకోలా. తండ్రి కూతురికి చెప్పడం లేదు. కూతురే తండ్రికి చెబుతోంది. ఫ్యాక్టరీలో ఛార్జ్‌మన్‌గా ప్రమోషన్ రావాలంటే మొగులయ్య ఆఫీసర్ల ముందు నిలబడి, వాళ్లు ఇంగ్లీషులో అడిగిన లెక్కకు ఇంగ్లీషులోనే జవాబు చెప్పాలి. మొగులయ్యకు లెక్కలు రాక కాదు. సంగారెడ్డిలో ఉర్దూ బడిలో చదువుకున్నాడు. అంకె కనపడితే ముందు ఉర్దూలో మోగుతుంది, తర్వాత తెలుగులోకి దిగుతుంది, ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి బండి బురదలో కూరుకుపోతుంది. సుగుణ ఆరో తరగతి. ఇంగ్లీషు బడి. పలక మీద అంకె వేసి, ఇది ఇట్ల అనాలె బాపూ అని, నోరు గుండ్రంగా తిప్పి చూపించేది.

పక్క పోర్షన్లో కిరాయికుండే కామేశ్వరరావు ఒకనాడు గోడ మీద నుంచి తొంగి చూసి, "అమ్మాయికి లెక్కలు చెబుతున్నారా?" అని అడిగాడు. మొగులయ్య "ఆఁ" అన్నాడు. ఒక్క "ఆఁ". దానితో వచ్చింది అంతా. ఆ సాయంత్రానికి వాడకట్టంతా మొగులయ్య ఎంత మంచి తండ్రో చెప్పుకుంది. కాదని చెప్పడానికి ఆ రోజు కుదరలేదు, మర్నాడు సిగ్గేసింది, ఆ తర్వాత అలవాటైపోయింది.

ఆదివారం ఆ కామేశ్వరరావే తన కూతురు కమలను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయనది కాకినాడ వైపు. ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసు గుమాస్తా. పిల్లలిద్దరిదీ ఒకటే క్లాసు.

"మా పిల్లను కూడా మీ దగ్గర కూర్చోబెడదామనండీ," అన్నాడు. "ఏదీ, ఒక లెక్క చదివి వినిపించండి చూద్దాం."

పలక మీద ఒకటీ ముప్పావు వేసి ఉంది. మొగులయ్యకు గర్వం నెత్తికెక్కింది. చిన్నప్పట్నుంచీ ఆ అంకె ఆయనకు 'పౌనే దో'. ఇంట్లో 'పావు తక్కువ రెండు'. ఉన్న మాటను ఉన్నట్టే ఇంగ్లీషులో పెట్టి, గొంతు సవరించుకుని, "క్వార్టర్ లెస్ టూ!" అన్నాడు.

"కాదు బాపూ," అంది సుగుణ అలవాటు కొద్దీ. "నిన్ననే చెప్పిన గద. వన్ అండ్ త్రీ ఫోర్త్స్ అనాలె."

నిన్ననే చెప్పిన గద. ఆ మాట కామేశ్వరరావుకు అర్థమయ్యే లోపలే మొగులయ్య చెయ్యి లేచింది. చెంప పేలింది.

"నాకే నేర్పుతవా? అను! క్వార్టర్ లెస్ టూ!"

సుగుణ అంది.

"గట్టిగ అను!"

గట్టిగా అంది. కన్నీళ్లు పలక మీద పడుతుంటే మళ్లీ అంది. "అంతేనండీ, పిల్లలకు భయం ఉండాలి," అని కామేశ్వరరావు మెచ్చుకుని వెళ్లాడు. ఏది తప్పో ఏది ఒప్పో ఆయనకూ తెలియదు, ఎవరు ఏ మాట అన్నారో గుర్తుపెట్టుకోనూ లేదు. తెలిసింది ఇద్దరికే. అందులో ఒకరు కొట్టారు, ఒకరు తిన్నారు.

*

సుగుణ పెరట్లో బట్టలుతికే బండ మీద కూర్చుని ఉంది. తండ్రి రావడం చూసి జరిగి చోటిచ్చింది. అన్నం మానినా మర్యాద మానలేదు.

మొగులయ్య కూర్చోలేదు. ఎదురుగా నిలబడ్డాడు.

"బిడ్డా. బడిల ఏమైంది?"

"ఏం కాలే."

"నేను కొట్టినందుకేనా?"

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. కాసేపు బొటనవేలితో బండ మీది నాచు గీకింది.

"సోమారం టీచరమ్మ బోర్డు మీద గసొంటి లెక్కనే వేసింది," అంది చివరికి. "నన్నే లేపి చదువుమన్నది."

"ఏమని చదివినవ్?"

"క్వార్టర్ లెస్ టూ."

"ఎందుకు? నీకు తెల్సు గద!"

"కమల ఉన్నది గద బాపూ క్లాసుల. నేను వేరే చెప్తే, మీ నాయినకు రాదా అంటది. ఇంటికొచ్చి వాళ్ల నాయినకు చెప్తది." సుగుణ ముక్కు ఎగబీల్చింది. "టీచరమ్మ అట్ల కాదన్నది. నేను అట్లనే అన్న. మల్ల అడిగింది. మల్ల గదే అన్న. అందరు నవ్విన్రు. ఎవరు నేర్పిన్రు గిట్ల అని అడిగింది."

"ఏం చెప్పినవ్?"

"ఎవ్వరు నేర్పలే, నాదే అన్న. మొండిదానివని బయట నిలబెట్టింది. మీ నాయిన్ని తోల్కరా, అప్పుడే లోపటికి రానిస్త అన్నది."

"మరి నాకెందుకు చెప్పలే?"

సుగుణ తల ఎత్తి తండ్రిని చూసింది. కోపం లేదు ఆ చూపులో. కోపం ఉన్నా బాగుండేది.

"ఆ టీచరమ్మది కేరళ. ఆమెకు తెలుగు రాదు. నువ్వొస్తే ఇంగ్లీషుల అడుగుతది. నువ్వేం చెప్తవు బాపూ? పిల్లలందరు నిన్ను చూసి నవ్వుతరు. నన్ను నవ్వితే నవ్వనియ్యి. నిన్ను నవ్వితే నాకు మంచిగనిపియ్యదు." పెద్దదానిలా అంది, "నాయనమ్మతోని పోత తియ్యి. నాకు పాలు పిండుడు ఇష్టమే."

మొగులయ్య అప్పుడు కూర్చున్నాడు. బండ మీద కాదు, నేల మీద. తన పరువు కాపాడటానికి పదకొండేళ్ల పిల్ల బడి మానుకుంటోంది. మానుకుంటూ తనకే ధైర్యం చెబుతోంది. సిగ్గంటే ఏమిటో ఆయనకు ఆ పూట దాకా తెలియదని చెప్పాలి. ఆదివారం నాటిది భయం. ఇది సిగ్గు.

"లేవు," అన్నాడు. "మొఖం కడుక్కో. బడికి పోదాం."

"వద్దు బాపూ."

"లేవమన్న గద!"

మళ్లీ గొంతు లేచింది. పిల్ల ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. మొగులయ్య తన రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

*

"అవ్వా, సంచి దించు."

"దించ," అంది నర్సింహమ్మ. "మల్ల పిల్లను కొట్టి సంపుతవా? దానికి రాదురా అంటే ఇనవేంది?"

"పిల్ల తప్పు లేదవ్వా."

"మరెవ్వలది?"

నర్సింహమ్మ నమలడం ఆపి చూస్తోంది. ఒక్క మాట. ఆదివారం కొట్టినప్పుడు అంత చురుగ్గా లేచిన చెయ్యి ఉన్నవాడికి, ఈ ఒక్క మాటకు నాలుక లేవలేదు.

మొగులయ్య ముక్కాలిపీట లాక్కుని, తనే సంచీ దించాడు.

మాణెమ్మ ఉతికిన అంగీ తెచ్చి ఇచ్చింది. ఇస్తూ, అత్తకు వినపడకుండా అంది, "నేను రోజు పొయ్యికాడనే కూసుంట. ఎవలు ఎవలికి చెప్తున్నరో నాకు తెల్వదనుకుంటున్నవా?"

మొగులయ్య గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు.

"నువ్వే చెప్తవని చూసిన," అంది ఆమె. "చెంప మీద కొట్టిన నాడన్న చెప్తవని చూసిన." పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో కామేశ్వరరావు దగ్గు వినిపించింది. ఆయన మంచివాడే. మంచివాళ్ల వల్ల వచ్చే చిక్కులు చెడ్డవాళ్ల వల్ల రావు.

"మొగులయ్యగారూ, మా కమల చెప్పిందండీ సంగతి. మిమ్మల్ని బడికి రమ్మన్నారటగా? పదండి, నేనూ వస్తాను. ఆ టీచరుకు తెలుగు రాదు. నేను మాట్లాడతాను, మీరు పక్కన నిలబడండి చాలు."

వద్దనాలి. మొగులయ్యకు తెలుసు. నోటిదాకా వచ్చింది కూడా.

"మీకెందుకు సార్ తక్లీఫ్," అన్నాడు. అది వద్దనడం కాదని ఆయనకూ తెలుసు.

*

సైకిల్ ముందు కడ్డీ మీద సుగుణ కూర్చుంది. పక్కన కామేశ్వరరావు తన సైకిల్ తొక్కుతూ, పై ఆఫీసర్లతో తానెలా ఇంగ్లీషులో మాట్లాడతాడో చెబుతున్నాడు. ఫ్యాక్టరీ లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. మొగులయ్య మనసులో మాటలు పేర్చుకుంటున్నాడు. డాటర్ నో మిస్టేక్. మై మిస్టేక్. లారీ హారన్ మోగినప్పుడల్లా మాటలు చెదిరిపోతున్నాయి. మళ్లీ మొదట్నుంచి పేర్చుకుంటున్నాడు.

"బాపూ," అంది సుగుణ వెనక్కి తిరక్కుండా. "నువ్వు ఊకె నిలబడు. ఏమన్న అడిగితే ఎస్ మిస్ అను. అంతే."

టీచరమ్మ సన్నగా, పొడుగ్గా, తెల్ల చీరలో తరగతి గుమ్మం దగ్గరికి వచ్చింది. కామేశ్వరరావు ముందుకు జరిగి గుడ్ మార్నింగ్ చెప్పి అందుకున్నాడు. ఇంగ్లీషు దంచేస్తున్నాడు. మొగులయ్యకు మాట్లాడటం రాదు గానీ అర్థం కాకపోలేదు. ఈయన లెక్కల్లో దిట్ట అంటున్నాడు. ప్రతి సాయంత్రం కూతురికి దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతాడు అంటున్నాడు. ఆదివారం నా కళ్ల ముందే సరిగ్గా చెప్పాడు, పిల్లే ఆకతాయి, వినదు, పాపం ఆ రోజు కొట్టాడు కూడా అంటున్నాడు.

ఒక్కొక్క మాటా అర్థమవుతూనే ఉంది. అర్థమయ్యీ మొగులయ్య నిలబడే ఉన్నాడు. పైగా, చెప్పడానికే సిగ్గుచేటు, లోపల కాస్త హాయిగా కూడా ఉంది. తను నోరు తెరవనక్కర్లేకుండా గడిచిపోతోంది.

టీచరమ్మ సుగుణ వైపు వంగి, నిజమేనా అని అడిగింది.

"ఎస్ మిస్," అంది సుగుణ.

"అయితే మీ నాన్నకు సారీ చెప్పు," అంది టీచరమ్మ ఇంగ్లీషులోనే.

సుగుణ తండ్రి వైపు తిరిగింది. చేతులు కట్టుకుంది. బడిలో నేర్పిన పద్ధతిలో తల కొంచెం వంచింది.

"సారీ బాపూ."

దెబ్బ కొట్టినవాడికి దెబ్బ తిన్నది క్షమాపణ చెప్పింది. మొగులయ్య చెవులు ఎర్రబడ్డాయి.

టీచరమ్మ ముఖం విప్పారింది. పిల్లల చదువు పట్టించుకునే తండ్రులు ఆమెకు ఆ చుట్టుపక్కల ఎక్కువమంది దొరికి ఉండరు. నవ్వుతూ సుద్దముక్క మొగులయ్య చేతిలో పెట్టింది. పిల్ల నా మాట వినదు, మీ మాట వింటుంది, ఒక్కసారి మీరే క్లాసుకు చదివి వినిపించండి అంది. కామేశ్వరరావు "వెళ్లండి, వెళ్లండి" అని వీపు మీద తట్టాడు.

తరగతంతా లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ సా...ర్" అని రాగం తీసింది. సుగుణ వెళ్లి తన చోట నిలబడింది. టీచరమ్మ బోర్డు మీద ఒకటీ ముప్పావు వేసి, పిల్లల వైపు తిరిగి, "లిజన్ అండ్ రిపీట్" అంది. బోర్డు దగ్గర నిలబడ్డవాళ్లు ఏమంటే పిల్లలు అది అనాలి. అది ఆ బడి పద్ధతి.

మొగులయ్య బోర్డు చూశాడు. ఎన్ని సాయంత్రాలు నేర్చుకున్నాడో ఆ మాట ఒక్కసారిగా ఎక్కడికో ఎగిరిపోయింది. తిరిగి పిల్లల వైపు చూశాడు.

సుగుణ పెదవులు కదిలిస్తోంది. శబ్దం లేకుండా, అరుగు మీద చూపించినట్టే, గుండ్రంగా, నెమ్మదిగా. అందిస్తోంది.

"వన్ అండ్ త్రీ ఫోర్త్స్," అన్నాడు మొగులయ్య ఆ పెదవులను చూసి.

"వన్ అండ్ త్రీ ఫోర్త్స్!" అంది తరగతి.

"వెరీ గుడ్," అంది టీచరమ్మ. గుమ్మంలో కామేశ్వరరావు తల ఊపాడు. అయిపోయింది. సుద్దముక్క బల్ల మీద పెట్టి దండం పెట్టి వచ్చేస్తే, పిల్ల బడి పిల్లకు, పరువు ఆయనకు. బయటికి నడవడమే మిగిలింది.

మొగులయ్య నడవలేదు. కూతురి పెదవుల మీదే చూపు ఆగిపోయింది. దారంతా పేర్చుకున్నవి గుర్తు రాలేదు. వచ్చిన మాటలే వచ్చాయి.

"దిస్... మై డాటర్ టీచ్ మీ," అన్నాడు.

"దిస్ మై డాటర్ టీచ్ మీ!" అంది తరగతి, ఒక్క గొంతుతో.

టీచరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. మొగులయ్య ఆమెను చూడటం లేదు.

"ఐ టెల్ రాంగ్."

"ఐ టెల్ రాంగ్!"

"షీ టెల్ రైట్. ఐ బీట్ హర్."

"షీ టెల్ రైట్! ఐ బీట్ హర్!" ఎక్కాలు చెప్పినట్టు, అదే రాగంతో, పిల్లలంతా గొంతెత్తి అన్నారు. కమల కూడా అంది. ఆ మాట కిటికీల్లోంచి పక్క తరగతికి కూడా వినిపించి ఉంటుంది.

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఒకరి నుంచి ఒకరికి అంటుకుంది. ఏ నవ్వుకు భయపడి ఆ పిల్ల బడే వద్దనుకుందో, ఆ నవ్వు వరసలు దాటుకుంటూ ముందుకు వచ్చింది. టీచరమ్మ "సైలెన్స్!" అంది గానీ ఆమె గొంతులో పట్టు లేదు. కామేశ్వరరావు గుమ్మంలో చూపు నేలకు దించేశాడు.

సుగుణ పెదవులు కదలడం ఎప్పుడో ఆగిపోయింది. ముఖం నల్లబడింది. బెంచీ పక్క నుంచి బయటికి వచ్చింది. తండ్రి వైపు వస్తోందనుకుని మొగులయ్య చెయ్యి కొంచెం చాపాడు. ఆ చేతిని చూడనట్టే పక్క నుంచి దాటి, కామేశ్వరరావును తోసుకుని, గుమ్మం దాటింది.

"సుగుణా!" అని పిలిచింది టీచరమ్మ. గేటు వైపు పరిగెడుతున్న అడుగులు వినిపించాయి.

మొగులయ్య సుద్దముక్క పట్టుకుని బోర్డు దగ్గరే ఉండిపోయాడు. నవ్వు సద్దుమణిగింది. తర్వాత ఏమంటాడా, అది అనాలని, పిల్లలంతా ఆయన నోటి వైపే చూస్తున్నారు.